ఎగువూరిలో పొటాషియం

లాగ్ 1

ఎగువూరు ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన నర్సు మొదటి ఏడాదంతా లాగ్ రాయాలి. తర్వాత వచ్చే నర్సు దాన్ని చదువుకుని పని మొదలుపెడుతుంది. నాకు ముందు పనిచేసినావిడ లాగ్ నేను రెండుసార్లు చదివాను. సగం సిరంజిల సంగతి, సగం ఆవిడ నడుంనొప్పి. నాది కాస్త కబుర్లతో ఉంటుంది. నువ్వెవరివో గానీ, నా తర్వాత వచ్చే అమ్మాయీ, ఓపిక పట్టు.

నా పేరు పైడితల్లి. ఊళ్ళో అందరూ పైడి అంటారు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. కింద విశాఖలో నర్సింగు చదివి పైకి తిరిగొచ్చిన రోజు మా అమ్మ నా సర్టిఫికెట్‌ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "ముద్దర బాగుంది" అంది. అంతకంటే మంచి మాట నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మా కేంద్రం ఊరి నడిబొడ్డున ఉంటుంది. భూమికి పైన ఆకాశంలో కట్టిన ఊరు ఇది, ఎప్పుడూ బొంగరంలా తిరుగుతుంది కాబట్టి అంచున ఉన్న ఇళ్ళల్లో అందరికీ మామూలు బరువే. నడిబొడ్డుకి వచ్చేసరికి నిండు మనిషి ఒక మామిడిపండంత తూగుతాడు. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి హాయి. నర్సుకి కాదు. పొద్దున చేతిలోంచి జారిన దూది ఉండ మధ్యాహ్నం డాక్టరు గారి జుట్టులో దొరికింది.

కింద నుంచి కొత్తగా వచ్చినవాళ్ళని రక్తం తీసే కుర్చీలో కూర్చోబెట్టి నడుముకి బెల్టు కట్టాలి. పాతవాళ్ళకి కట్టకూడదు. ఈ నియమం ఎక్కడా రాసి ఉండదు, అందుకే నేను రాస్తున్నాను. మొదటి రోజు నాకూ గుర్తులేక దాలమ్మ గారి ముందు బెల్టు చాపాను. దాలమ్మ గారు కోళ్ళఫారం చూసుకుంటారు. ఈ ఊరు కట్టినప్పుడు బయట గోడ మీద వేలాడుతూ వెల్డింగు చేసిన గుంపులో ఆవిడ ఒకరు.

"ఏటది?" అన్నారు.

"బెల్టు, పెద్దమ్మా."

"ఎవులికి?"

"మీకే."

"ఓలమ్మ, నాకు బెల్టు కడతాదంట ఈ గుంట! మీ అయ్యకి గోడ మీద పట్టు నేర్పింది నాను. పట్టు వొదిలితే సుక్కల్లోకి ఎగిరిపోయీవోళ్ళం. అప్పుడు లేదు గానీ ఇప్పుడు నాకు బెల్టా?"

పాతవాళ్ళంతా ఇంతే. కూర్చున్నా నిలబడ్డా చేత్తో ఏదో ఒకటి బిగించి పట్టుకుంటారు. అది వాళ్ళ గౌరవం. కుర్చీలో పట్టుకోవడానికి ఏమీ లేక దాలమ్మ గారు ఖాళీ చేత్తో నా భుజం పట్టుకున్నారు. ఆ ఐదు వేళ్ళ అచ్చు చాలా రోజులు పోలేదు.

ఆ అచ్చు చూసి మా అయ్య ఊరుకోలేదు. పాత తలుపు పిడి ఒకటి ఊడదీసి, సానబట్టి, మెత్తటి తోలు చుట్టి, కుర్చీకి కుడిచేతి వైపు బిగించాడు. సూదులూ ట్యూబులూ అటువైపే ఉంటాయి కాబట్టి రక్తం తీసే చెయ్యి అక్కడే ఆనుతుంది.

"ఏనుగుని కట్టినా ఊడదు" అన్నాడు అయ్య.

పాతవాళ్ళు మహా సంతోషించారు. నా భుజం ఇంకా సంతోషించింది.

లాగ్ 2

రక్తం చదివే యంత్రాన్ని ఊళ్ళో అందరూ జాతకం అంటారు. "నా జాతకం వచ్చిందా?" అని అడిగితే రిపోర్టు గురించి అని అర్థం చేసుకో.

ఈ వారం పెద్ద పని దాలమ్మ గారి జాతకమే. ఆవిడ చెల్లెలు ఆదమ్మ గారికి రెండు కిడ్నీలూ పోయాయి. మా దగ్గరే డయాలసిస్ జరుగుతుంది. చేతిలో సూది పెట్టడానికి పనికొచ్చే నరం ఇంక ఒక్కటే మిగిలింది, అదీ రోజురోజుకీ మొరాయిస్తోంది. దాలమ్మ గారి కిడ్నీ చెల్లెలికి సరిపోయింది. నెలాఖరున బయల్దేరే ఓడలో ఇద్దరినీ కిందికి పంపితే అక్కడి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు. ఆ తర్వాతి ఓడ ఆరు నెలలకి. అంతకాలం ఆ ఒక్క నరం ఆగుతుందని డాక్టరు ఫర్జానా గారికి నమ్మకం లేదు.

అందుకని ఇచ్చే మనిషి ఆరోగ్యంగా ఉందని మేము రక్తపరీక్షలతో చూపించాలి. ఈ రోజు రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 12.4, కోళ్ళ వెంట పరుగెత్తే మనిషికి తగ్గట్టే ఉంది. క్రియాటినిన్ 0.8, అంటే కిడ్నీలు రక్తంలోని చెత్తని బాగానే ఊడుస్తున్నాయి. సోడియం, చక్కెర బాగున్నాయి. పొటాషియం 5.9.

నేను మూడుసార్లు చూశాను. పొటాషియం మూడున్నర నుంచి ఐదు మధ్య ఉండాలి. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. అందుకే ఈ అంకె పెరిగితే నర్సు తీరిగ్గా కూర్చోకూడదు.

ముందు సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే పల్చటి నీరు, దాని రంగు చూశాను. సూది గుచ్చేటప్పుడో ట్యూబుని గట్టిగా కుదిపినప్పుడో రక్తకణాలు చిట్లితే లోపలున్న పొటాషియం బయటికొచ్చి అంకె ఊరికే పెరుగుతుంది. అలా అయితే సీరం ఎర్రగా ఉండాలి. ఇది లేత నిమ్మరసంలా ఉంది. కణాలు చిట్లలేదు.

దాలమ్మ గారిని పడుకోబెట్టి ఈసీజీ తీశాం. గుండె గీత చక్కగా ఉంది.

"కాళ్ళు బరువుగా ఉన్నాయా? గుండెదడ?" అని డాక్టరు గారు అడిగారు.

"దడేటమ్మా, ఆకలేస్తంది. పొద్దుట్నుంచి ఏటీ తినొద్దన్నారు గదా."

పక్క మంచం మీద డయాలసిస్‌లో ఉన్న ఆదమ్మ గారు అందుకున్నారు. "దాని రోగం ఆకలే డాక్టరమ్మా. సిన్నప్పుడు నా వాటా కూడా అదే తినీసీది. ఇప్పుడు కిడ్నీ ఇచ్చి అప్పు తీర్సుకుంటంది."

"నోరు మూసుకో. ఇవ్వడం మానీగలను."

"మానీ. నీ కిడ్నీ వొస్తే నీ కోపం కూడా వొస్తాదేమో అని నాకు భయంగుంది."

ఇద్దరూ ఇలాగే మాట్లాడుకుంటారు. మొదట్లో విడదీయడానికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు వెళ్ళడం లేదు.

కింది ఆసుపత్రికి రిపోర్టు పంపాం. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. మళ్ళీ పరీక్ష చేయండి, పొటాషియం ఇలాగే ఉంటే కారణం తేలేదాకా కిడ్నీ తీసుకోము అని.

లాగ్ 3

ఇప్పుడు దాలమ్మ గారొక్కరే కాదు. బయటి గోడ పనివాళ్ళకి ఏటా చేసే పరీక్షలు మొదలయ్యాయి. వెల్డరు సన్యాసి గారు 5.7. ఆక్సిజన్ గొట్టాలు చూసే ముత్యాలమ్మ గారు 6.0. అందరి ఈసీజీలూ బాగున్నాయి, క్రియాటినిన్లూ బాగున్నాయి. అందరూ నన్ను చూసి నవ్వుతూ వెళ్ళారు. నేను ఒక్కదాన్నే నవ్వలేదు.

అదే వారం కింద నుంచి వచ్చిన కొత్త తోటపనివాళ్ళకీ పరీక్షలు చేశాను. అందరికీ నాలుగూ నాలుగున్నర మధ్యే.

"యంత్రం తప్పయితే అందరికీ తప్పే చూపించాలి" అన్నారు డాక్టరు గారు. పొటాషియం ఎంతుందో ముందే తెలిసిన సీరం వేసి నా ఎదురుగానే యంత్రాన్ని సరిచూశారు. అంకె సరిగ్గానే వచ్చింది. "పాతవాళ్ళకే ఎందుకు? ఈ మధ్య కొత్తగా ఏం మారింది పైడీ?"

ఇద్దరం ఆలోచించాం. నాలుగో తోట కాపుకొచ్చింది. అరటిపళ్ళు, టమాటాలు, కొబ్బరిబోండాలు, మొట్టమొదటిసారి పనసకాయలు కూడా. పాతవాళ్ళు పదేళ్ళుగా పొడి తిండి తిన్నవాళ్ళు, ఇప్పుడు ఆబగా తింటున్నారు. వీటన్నిటిలో పొటాషియం దండిగా ఉంటుంది. కొత్తవాళ్ళకి అవి కొత్త కాదు, ముట్టుకోవడం లేదు.

అంతా సరిపోయింది. "కిడ్నీలు బాగున్నవాళ్ళకి తిండితో ఇంత పెరగకూడదే" అని డాక్టరు గారు తనలో తాను అనుకున్నారు గానీ, వేరే దారి కనబడలేదు. ఊరి మైకులో నేనే చదివాను: ఇంకో మాట చెప్పేవరకు ఎవరూ అరటిపండు, టమాటా, కొబ్బరినీళ్ళు, పనస తినకూడదు.

నా చదువుకి ఊళ్ళో దక్కిన మొదటి కీర్తి ఇదీ. సంతకి వెళ్తే జనం అరటిగెలల మీద గోనెపట్టాలు కప్పారు. నేను పోలీసునైనట్టు.

లాగ్ 4

వారం పైగా ఎవరూ అరటిపండు ముట్టలేదు. ఇవాళ దాలమ్మ గారి పొటాషియం 6.1.

తగ్గాల్సింది పెరిగింది. డాక్టరు గారు ఆ రిపోర్టు కూడా కిందికి పంపారు. కింది ఆసుపత్రి నుంచి జవాబు పొట్టిగా వచ్చింది. ఓడ బయల్దేరే లోపు ఒక్క మంచి రిపోర్టు పంపండి, లేదంటే ఆదమ్మ గారి పేరు ఈ ఓడ జాబితా నుంచి తీసేస్తాం.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఊళ్ళో అందరికీ కిరిటినా ఎక్కువైపోనాదంట గదే?"

"క్రియాటినిన్ కాదమ్మా, పొటాషియం. అది వేరు."

"వేరైతే ఏటి. రెండూ కిడ్నీలవే గదా."

మా అమ్మకి చదువు రాదు గానీ క్రియాటినిన్ అనే మాట వచ్చు. మా వాళ్ళంతా ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ ఇంటికొకరు కిడ్నీలు పోయి మంచాన పడితే, నీళ్ళో నేలో ఏదో తేలక, ఎక్కడైనా బతుకుదామని ఈ ఊరు కట్టే పనికి ఎక్కేశారు. మా తాతకి ఎంతుందో, ఆయన అన్నదమ్ములకి ఎంతుందో అమ్మ ఇప్పటికీ గడగడా చెప్పేస్తుంది. మిగతావాళ్ళు పిల్లల మార్కులు చెప్పినట్టు.

"ఆ రోగం మనతో పాటే పైకి ఎక్కీసినాదేటే?" అంది అమ్మ.

లేదమ్మా అన్నాను. ఎలా చెప్పగలిగానో నాకు తెలియదు.

లాగ్ 5

ఇవాళ అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు.

ఆదమ్మ గారు డయాలసిస్‌కి వచ్చారు. వచ్చేటప్పుడు దాలమ్మ గారితో పోట్లాడలేదు. నాకు మొదట అక్కడే అనుమానం వచ్చింది. తర్వాత, "కాళ్ళు నావి కానట్టుగున్నాయే గుంటా" అన్నారు. రక్తం డయాలసిస్ మిషను దగ్గరే తీసి జాతకంలో వేశాను. పొటాషియం 6.1.

సరిగ్గా అక్కగారి అంకే.

ఒక్క క్షణం, "ఇదీ ఊళ్ళో అందరికీ వచ్చేదేలే" అనిపించింది. ఈ ముక్క బాగా చదువుకో అమ్మాయీ. అలా అనిపించినప్పుడే భయపడాలి. ఈసీజీ పెట్టాను. గీతలో ప్రతి గుండెచప్పుడు తర్వాత వచ్చే చిన్న గుండ్రటి గుట్ట, గుడారంలా నిటారుగా, సన్నగా లేచి ఉంది. డాక్టరు గారిని పిలవలేదు, కేకేశాను.

గుండె లయ తప్పకుండా ఆవిడ కాల్షియం ఇంజెక్షన్ నెమ్మదిగా ఎక్కించారు. పొటాషియం దించడానికి ఇన్సులిన్, దాంతో పాటు గ్లూకోజ్. నేను డయాలసిస్ మొదలుపెట్టాను. దాలమ్మ గారు మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. గుడారాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. భోజనాల వేళకి గీత మామూలైంది, ఆదమ్మ గారి నోరు కూడా.

"ఏం తిన్నారు?" అని డాక్టరు గారు అడిగారు.

"ఏటీ నేదు."

"ఆదమ్మా."

"రెండు పనస తొనలు."

దాలమ్మ గారు చెల్లెలి వైపు తిరిగారు. "రెండా?"

"రెండు... గుప్పిళ్ళు. ఊళ్ళో ఎవులూ తినకూడదన్నారు గదా. పారబోస్తారేమోనని మనసొప్పలేదు. ఉద్దానం పనసే, ఆ వాసనే!"

అంటే మేము ఊరందరికీ నిషేధం పెట్టడం వల్ల, తినకూడని ఒకే ఒక్క మనిషికి పనస ఊరికే దొరికింది. డాక్టరు గారు తల పట్టుకున్నారు. నేను గోడ పట్టుకున్నాను.

తర్వాత ఆవిడ అక్కాచెల్లెళ్ళ ఈసీజీలు రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. "చూడు పైడీ. అంకె ఒకటే. ఆదమ్మకి కిడ్నీలు లేవు, కాళ్ళు బరువెక్కాయి, గీత మారింది. ఇది నిజం. దాలమ్మకి క్రియాటినిన్ బాగుంది, గీత బాగుంది, కోడిని తరిమి పట్టుకుంటోంది. ఈ పొటాషియం ఆమె ఒంట్లో ఉందని నాకు నమ్మకం పోయింది."

"ఒంట్లో లేనిది ట్యూబులోకి ఎలా వస్తుంది మేడమ్?"

"అది తేలితే నిద్రపోతాను" అన్నారు.

లాగ్ 6

తేలింది. తేల్చింది మా అయ్య. ఆయనకి ఆ సంగతి తెలియదు.

గోడ పనివాళ్ళ పరీక్షల్లో ఇవాళ అయ్య వంతు. కుర్చీలో కూర్చోగానే తన పిడిని చూసుకుని మురిసిపోయాడు. "సూడు, కొంచెమైనా కదల్లేదు" అని గట్టిగా లాగి చూపించాడు. చేతికి రబ్బరు పట్టీ కట్టాను. అయ్య పిడిని ఎంత బిగించాడంటే మోచేతి నుంచి మణికట్టు దాకా నరాలు తాళ్ళలా లేచాయి. సూది గుచ్చడం హాయిగా ఉంది. కబుర్లు చెబుతూ ట్యూబులు నింపాను.

చివరిది నీలం మూత ట్యూబు, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసేది. దాన్ని గీత దాకా నింపకపోతే లెక్క తప్పుతుంది. సగంలో నరం జారిపోయింది. సరే అని ఎడమ చేతికి గుచ్చి నింపాను. సిరంజిలో కాస్త మిగిలితే, ఉన్నదేదో ఉపయోగపడనీ అని దాన్ని కూడా జాతకంలో వేశాను.

కుడిచేతి రక్తం: పొటాషియం 6.3. ఊళ్ళో అందరికంటే ఎక్కువ.

ఎడమచేతి రక్తం: 4.2.

ఒకే మనిషి. ఒకే కుర్చీ. మధ్యలో మహా అయితే ఒక పాట పాడినంతసేపు. కుడిచేతికీ ఎడమచేతికీ వేరువేరు కిడ్నీలు ఉండవు కదా. నేను అయ్యని చూశాను. అయ్య ఇంకా కుడిచేత్తో పిడి పట్టుకునే ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో, వేళ్ళు వదులుగా, పడుకున్న పిల్లిలా ఉంది.

కండరాలు బిగిస్తే వాటి కణాల్లోంచి పొటాషియం బయటికొస్తుంది. మామూలుగా రక్తం దాన్ని తీసుకుపోతుంది, ఎవరికీ తెలియదు. పైన రబ్బరు పట్టీ కట్టి ఉంటే అది ఆ చేతిలోనే పోగుపడుతుంది. నేను సరిగ్గా అక్కడినుంచే తోడుతున్నాను. పిడికిలి మూసి తెరవమని రోగికి చెప్పకూడదని నేను చదువుకున్నాను, ఎప్పుడూ చెప్పలేదు కూడా. పిడి పట్టుకుని కూర్చునేవాళ్ళ గురించి పుస్తకంలో లేదు. కింద ఎవరు పట్టుకుంటారు? కొత్తవాళ్ళకి నేను బెల్టు కడుతున్నాను కాబట్టి వాళ్ళ చేతులు ఖాళీ. పాతవాళ్ళు మాత్రం గౌరవంగా, బలంగా, మా అయ్య చేసిన పిడిని పిండుతున్నారు.

"ఏటే, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?" అన్నాడు అయ్య.

చెప్పాను. అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పాను. అయ్య పిడి మీంచి చెయ్యి తీసి, అరచేయి చూసుకున్నాడు.

"అంటే ఊరందరికీ రోగం అంటించింది నానేనా?"

"రోగం ఎవరికీ లేదయ్యా. అదే కదా మంచి కబురు."

పిడిని ఇంకోసారి లాగి చూసి, "పిడి మాత్రం గట్టిది" అన్నాడు.

డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. నడిబొడ్డులో పరుగెత్తకూడదు. కప్పుకి తల తగిలింది. ఆవిడ నా మాట మొత్తం విని, తన చెయ్యి చాపారు. "నాకూ రక్తం తియ్యి. ఒకసారి వదులుగా, ఒకసారి పిడి పట్టుకుని." 4.0. తర్వాత 5.4. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "ఇవాళ నిద్రపోతాను" అన్నారు. ఆ మాటతో పాటు మైకులో అరటిపళ్ళని విడుదల చేయమన్నారు. ఆదమ్మ గారికి తప్ప.

లాగ్ 7

కారణం తెలిసింది గదా, పని అయిపోయిందనుకున్నాను. దాలమ్మ గారి చెయ్యి సంగతి మర్చిపోయాను.

ఓడకి రిపోర్టు పంపడానికి ఇవాళే ఆఖరు. పిడి ఊడదీయించాను. దాలమ్మ గారు కుర్చీలో కూర్చున్నారు. బెల్టు మాటెత్తగానే ఆవిడ చూసిన చూపుకి బెల్టే సిగ్గుపడింది.

"సరే, బెల్టు వద్దు. నేనే మిమ్మల్ని కదలకుండా పట్టుకుంటాను. చెయ్యి మాత్రం వదులుగా పెట్టండి పెద్దమ్మా. వేళ్ళు తెరిచి."

"తెరిసినాను గదా."

తెరిచారు. రబ్బరు పట్టీ కట్టాను. పిడికిలి మూసుకుపోయింది.

"పెద్దమ్మా, చెయ్యి."

"ఏటైంది? ఓ."

తెరిచారు. సూది మూత తీశాను. మూసుకుపోయింది. గాలినే పిండేస్తున్నారు. ఎడమ చేతిదీ అదే వరస. పట్టీ విప్పి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలు. మళ్ళీ మూసుకుపోయింది.

"నాను మూత్తలేదే. అదే మూసుకుపోతంది" అన్నారు. ఈసారి గొంతులో కోపం లేదు. "గోడ మీద మాతో అప్పలకొండ అని ఒకడుండీవోడు. సెమట తుడుసుకుందారని ఒక్క పాలి సెయ్యి వొదిలినాడు. మల్ల కనపడలేదు. అప్పట్నుంచి ఇది నా మాట ఇనదు."

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను ఆ చేతి వైపు చూశాను. పట్టీ లేకుండా తీద్దామా అనుకున్నాం. ఆ చేతిలో నరాలు పట్టీ లేకపోతే కనబడవు, పైగా పట్టీ ఉన్నా లేకపోయినా పిడికిలి బిగించకూడదు. దూది పెట్టాను, దూదిని పిండేశారు. నా వేళ్ళు పెట్టాను. ఆ సంగతి రాయను.

పక్క మంచం మీంచి ఆదమ్మ గారు ఇదంతా చూస్తున్నారు.

"సాల్లే గుంటా. దానికి ఓ కోడిపిల్లని ఎట్టు."

"ఏంటి?"

"దాని సేతిలో కోడిపిల్లని ఎట్టు. మొగుడి సెయ్యి ఎట్టినా నలిపీసీది, మా బావ పాపం పెళ్ళిలో మూలిగినాడు. నా సెయ్యీ నలిపీసినాది. పిల్లని మాత్రం నలపదు."

దాలమ్మ గారు అరచెయ్యి చాపారు.

అయ్య కోళ్ళఫారానికి వెళ్ళి టోపీలో పెట్టుకుని తెచ్చాడు. పసుపు ముద్దలాంటి పిల్ల, కళ్ళు నల్లటి ఆవగింజలు. దాన్ని దాలమ్మ గారి అరచేతిలో పెట్టాను. అది ఓసారి కిచ్‌మంది. ఆవిడ వేళ్ళు లేచాయి, పిల్ల చుట్టూ వచ్చాయి, అక్కడ ఆగిపోయాయి. కొత్తిమీర కట్ట మీద గిన్నె బోర్లించినంత వదులుగా. ఎగిరిపోకుండా చాలు, అంతకంటే బిగించలేదు.

"ఒసే, పియ్యి ఎయ్యకే" అన్నారు దానితో, మెల్లగా.

పట్టీ కట్టాను, నరం దొరికింది, పట్టీ వదిలేశాను, ట్యూబు నింపాను. పిల్ల ఆవిడ బొటనవేలిని పొడుస్తోంది.

జాతకం రిపోర్టు ఇచ్చేసరికి పిల్ల నిద్రపోయింది.

పొటాషియం 4.3.

డాక్టరు గారు దాన్ని పైకి చదివారు. తర్వాత కిందికి పంపారు, మా అయ్య రెండు చేతుల రిపోర్టులు, తన రెండు రిపోర్టులు, అక్కాచెల్లెళ్ళ ఈసీజీలు అన్నీ జతచేసి. రక్తం తీసేటప్పుడు రోగి చేతిలో ఏముందో రాయడానికి రిపోర్టులో ఒక గడి ఉంటే బాగుంటుందని నేనే సలహా ఇచ్చాను. జవాబు సాయంత్రానికి వచ్చింది. ఇద్దరూ రావచ్చు.

ఆదమ్మ గారు ఏడుపు మొదలుపెట్టబోయి, అక్క వైపు తిరిగి, "అయితే నీ కోపం నాకు వొచ్చీసినట్టే" అన్నారు.

లాగ్ 8

ఓడ ఇవాళ వెళ్ళింది. ఓడలో అందరూ బెల్టు కట్టుకోవాలి, పాతా కొత్తా లేదు. దాలమ్మ గారు ఏం గొడవ చేస్తారోనని వీడ్కోలుకి సగం ఊరు వచ్చింది. ఆవిడ చెల్లెలికి బెల్టు గట్టిగా బిగించారు, రెండుసార్లు లాగి చూశారు. తర్వాత మా అందరి వైపూ చూసి, "ఏటి సూస్తన్నారు? తిరగండి అటు" అన్నారు. అందరం తిరిగాం. క్లిక్‌మని చప్పుడు వినబడింది.

కోడిపిల్లని నాకు అప్పగించారు. అది ఇప్పుడు కేంద్రంలో ఉద్యోగి. సన్యాసి గారి పొటాషియం 4.1, ముత్యాలమ్మ గారిది 4.4, ఇద్దరూ దాన్ని పట్టుకునే ఇచ్చారు. అయ్య పాత పిడిని వంచి దానికి ఎక్కి కూర్చునే కమ్మీగా చేశాడు. అది రాత్రింబవళ్ళు దాని మీదే కూర్చుంటుంది. ఏనుగుకైనా సరిపోయే కమ్మీ. డాక్టరు గారికి ఒకటే బెంగ, పిల్ల పెట్ట అయ్యాక ఏం చేయాలని. మళ్ళీ పొదిగిద్దాం అన్నాను.

లాగ్ 9

కింద నుంచి రిపోర్టులు వచ్చాయి. ఆపరేషన్ జరిగి కొన్ని రోజులైంది. ఆదమ్మ గారి క్రియాటినిన్ రోజుకింత చొప్పున దిగి 1.3 దగ్గర నిలబడింది. ఈ అంకెని కాగితం మీద అచ్చు తీసి, కేంద్రం ముద్ర వేసి మా అమ్మకి చూపించాను. అమ్మ చదవలేదు గానీ చాలాసేపు చూసింది.

దాలమ్మ గారి రిపోర్టు కూడా ఉంది. మిగిలిన ఒక్క కిడ్నీ బాగా పనిచేస్తోంది, పొటాషియం 4.2. నాకు సంతోషంతో పాటు అనుమానం. అక్కడ కోడిపిల్ల ఎక్కడిది? ఆసుపత్రిలోకి కోడిని రానివ్వరు. పిడికిలి బిగించి ఉంటే అంకె ఇలా రాదు. వెంటనే అక్కడి నర్సుని అడిగాను, చేతిలో ఏముందో ఎవరైనా చూశారా అని.

జవాబు నర్సు ఇవ్వలేదు. ఆదమ్మ గారి గొంతు వచ్చింది. కొంచెం బలహీనంగా ఉంది గానీ ఆ గొంతే.

"కోడిపిల్ల నేదు గదే గుంటా. దాని సెయ్యేమో మూసుకుపోతంది, సూది అమ్మాయి ఏడుపు మొకం ఎట్టీసినాది. నాను పక్క మంచం మీంచి సెయ్యి సాపి, నా ఏళ్ళు దాని సేతిలో ఎట్టినాను. విరిసీస్తాదనే అనుకున్నాను."

వెనక దాలమ్మ గారు ఎవరినో అన్నం ఎప్పుడు పెడతారని అడుగుతున్నారు.

"నలపలేదే" అన్నారు ఆదమ్మ గారు.